ట్రక్కు తగిలించే చోటు

సార్వా కోతలు దగ్గరపడేసరికి గోదావరి డెల్టాలో ట్రాక్టరు పని మారిపోతుంది. దమ్ము చక్రాలు ఎప్పుడో విప్పి పాకలో పెట్టేసి ఉంటారు. రోటవేటరు పక్కకు పోతుంది, ట్రక్కు వచ్చి వెనక తగులుకుంటుంది. కళ్ళంలోంచి ధాన్యం మిల్లుకు, పొలంలోంచి గడ్డి ఇంటికి, ర్యాంపు నుంచి ఇసుక, బట్టీ నుంచి ఇటుక, తోటలోంచి కొబ్బరికాయ, స్థలం మెరక చేయడానికి మట్టి, అన్నీ ఆ ట్రక్కు మీదే నడుస్తాయి.

ట్రాక్టరు కొనేటప్పుడు ఎన్ని హెచ్‌పీ, గంటకు డీజిల్ ఎంత తాగుతుంది, లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుంది అని పది మందిని అడిగి మరీ తెలుసుకుంటాం. ట్రక్కు కొనేటప్పుడు రేకు మందం చూస్తాం, టైర్లు చూస్తాం, జాకీ పైకి లేస్తోందో లేదో చూస్తాం. ఈ రెండింటినీ కలిపే జానెడు ఇనుమును మాత్రం ఎవరూ వంగి చూడరు. హుక్కు ఎంత ఎత్తులో ఉంది, ఇరుసుకు ఎంత వెనక ఉంది, ఏ బోల్టులతో బిగించారు, పిన్ను ఎంత అరిగింది? కాలవ గట్టు ఎక్కేటప్పుడు డ్రైవరు ప్రాణం ఆధారపడేది ఈ నాలుగు ప్రశ్నల మీదే.

హుక్కు బిగించుకోవడం కొంతవరకు రైతు తన చేతులతో చేసుకోగల పనే. ఎంతవరకు చేసుకోవచ్చు, ఎక్కడ ఆగి పని తెలిసినవాడిని పిలవాలి అన్నది తేలాలంటే ముందు బరువు సంగతి అర్థం కావాలి.

బరువు ఎక్కడ వాలుతుంది

ఎడ్లబండి తోలిన తరానికి ఇది కొత్త విషయం కాదు. బస్తాలన్నీ ముందుకు వేస్తే కాడి ఎడ్ల మెడల మీద కూర్చుంటుంది, నడవలేవు. వెనక్కి వేస్తే కాడి పైకి లేచి పలుపులు ఎద్దు గొంతుకు పట్టేస్తాయి. అందుకే బండి కట్టాక నొగ పట్టుకుని ఎత్తి చూసి, ఒకటి రెండు బస్తాలు అటూ ఇటూ జరిపి, కాస్త ముందు మొగ్గు ఉండేలా సర్దేవారు. రెండు చక్రాల ట్రక్కుకూ అదే లెక్క. బరువులో ఎక్కువ భాగం ట్రక్కు చక్రాలు మోస్తాయి, మిగతాది ట్రక్కు ముందు కొసన ఉండే రింగు ద్వారా ట్రాక్టరు హుక్కు మీద పడుతుంది.

మన రోడ్ల మీద నాలుగు చక్రాల ట్రక్కులూ ఉన్నాయి. వాటి ముందు ఇరుసు మీద రింగు మీద రింగు కూర్చుని తిరిగే ఏర్పాటు ఉంటుంది. అక్కడ బరువంతా ట్రక్కు చక్రాలే మోస్తాయి, ట్రాక్టరు లాగితే చాలు. లాగడం తేలికే, కానీ వెనక్కి తీయడం చాలా కష్టం. ఇరుకు దారుల్లో రెండు చక్రాలదే సులువు. అందువల్ల ఇక్కడి నుంచి చెప్పేదంతా రెండు చక్రాల ట్రక్కు గురించే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండేందుకు గుండ్రటి అంకెలే తీసుకుంటున్నాను. ట్రాక్టరు బరువు 2,000 కిలోలు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2 మీటర్లు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 700 కిలోలు, వెనక చక్రాల మీద 1,300 కిలోలు ఉన్నాయనుకుందాం. ట్రక్కులో 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేశారు. అంటే 4,500 కిలోలు, ట్రక్కు సొంత బరువు అదనం. ఇందులో 800 కిలోలు హుక్కు మీద వాలాయి. హుక్కు వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనకగా ఉంది.

హుక్కు ఇరుసుకు వెనక ఉంది కాబట్టి అక్కడ పడిన బరువు ట్రాక్టరు మూతిని పైకి లేపాలని చూస్తుంది. ఎంత? 800ని 60తో హెచ్చవేసి, 200 సెంటీమీటర్లతో భాగిస్తే 240 కిలోలు. అంటే ముందు చక్రాల మీద ఉన్న 700లో 240 పోయి 460 మిగిలాయి. బండి ఇంకా కదలనే లేదు.

ఇప్పుడు కళ్ళంలోంచి గట్టు మీదికి ర్యాంపు ఎక్కుతోంది. ట్రక్కు వెనక్కి లాగుతోంది, ట్రాక్టరు ముందుకు లాగుతోంది. హుక్కు దగ్గర లాగుడు 800 కిలోలు అనుకుందాం. ఇక్కడే హుక్కు ఎత్తు రంగంలోకి వస్తుంది. హుక్కు నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఆ లాగుడు ముందు చక్రాల మీద నుంచి ఇంకో 180 కిలోలు తీసేస్తుంది. 280 మిగులుతాయి. అదే హుక్కు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే తీసేది 360 కిలోలు. మిగిలేది 100. ర్యాంపు వాలు ఆరు అడుగులకు ఒక అడుగు ఉందంటే, ట్రాక్టరు సొంత బరువే వెనక్కి జరిగి ముందు చక్రాల మీద నుంచి మరో 110, 120 కిలోలు తగ్గుతాయి. కింది హుక్కు ఉన్న ట్రాక్టరుకు ఇంకా 160 కిలోల దాకా మిగిలి ఉంటుంది. స్టీరింగు తేలిపోయినట్టు ఉంటుంది గానీ పలుకుతుంది. పై హుక్కు ఉన్న ట్రాక్టరుకు ఏమీ మిగలదు. మూతి గాల్లోకి లేస్తుంది.

బస్తాలు అవే, డ్రైవరు అతనే, గట్టు అదే. తేడా అంతా హుక్కు ఎత్తులోనే ఉంది. లాగుడు కోసం వెనక ఉండే డ్రాబారు ఎప్పుడూ వెనక ఇరుసు కంటే కిందే ఉండేలా కంపెనీలు ట్రాక్టరు తయారుచేసేది ఇందుకే. కొత్త ట్రక్కు రింగు ఎత్తుగా ఉంది కదా అని హుక్కునే పైకి జరిపి వెల్డింగు పెట్టించుకునేవాళ్లు ఉన్నారు. మార్చాల్సింది ట్రక్కు ముందు ఫ్రేము. ట్రాక్టరు హుక్కు ఎత్తు జోలికి పోకూడదు.

దీనికంటే ప్రమాదమైన అలవాటు ఇంకొకటి ఉంది. ట్రక్కు బురదలో దిగబడితే గొలుసు తెచ్చి టాప్ లింకు పిన్నుకో, ఇరుసుకో చుట్టి లాగడం. టాప్ లింకు ఇరుసు కంటే పైన ఉంటుంది. క్లచ్చి ఒక్కసారి వదిలితే వెనక చక్రాలు కదలలేక, ట్రాక్టరు శరీరమే ఇరుసు చుట్టూ తిరిగి వెనక్కి బోల్తా పడుతుంది. ఇదంతా రెండు సెకన్లలోపే అయిపోతుంది. డ్రైవరు కాలు మళ్లీ క్లచ్చి మీదికి వెళ్లే వ్యవధి ఉండదు. దమ్ము చేలో దిగబడిన ట్రాక్టరు వెనక చక్రాలకు దుంగ కట్టి బయటికి తీయబోవడం కూడా ఇలాంటిదే. చక్రం తిరగకుండా ఆగిన క్షణాన బండి తిరుగుతుంది. గొలుసు ఎప్పుడు కట్టినా కింది డ్రాబారుకే కట్టాలి. అక్కడ కట్టి లాగితే రాకపోతే ఇంకో ట్రాక్టరును పిలవాలి.

పెద్ద బండ్లు ఏం చేశాయి

రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద కాసేపు నిలబడితే కాకినాడ రేవు వైపు వెళ్లే పొడవాటి ట్రైలర్లు కనిపిస్తాయి. ముందు బండి పొట్టిగా ఉంటుంది. వెనక ఉన్న పొడవాటి వేదిక దాని వీపు మీద ముక్కు ఆనించి వస్తుంది. వీపు మీద గ్రీజు పూసి నల్లగా మెరిసే మందపాటి ఇనుప పళ్లెం ఉంటుంది, వెనకవైపు చీలిక ఉంటుంది. ట్రైలరు కింద నుంచి దిగిన కింగ్ పిన్ను ఆ చీలికలోకి వచ్చి దవడల మధ్య చిక్కుకుంటుంది. దీన్నే ఫిఫ్త్ వీల్ అంటారు. పిన్నులు ఎక్కువగా 2 అంగుళాలవి, మరీ భారీ సరుకుకు మూడున్నర అంగుళాలవి వాడతారు.

గుర్రపు బండ్ల ముందు ఇరుసు తిరగడానికి పెట్టిన రింగే దీనికి మూలం. మన నాలుగు చక్రాల ట్రక్కు కింద ఉన్నదీ దాని వంశమే. అమెరికాలో డెట్రాయిట్‌కు చెందిన కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్ 1914లో ఒక కలప వ్యాపారి పడవ మోయడానికి మోటారు బండికి ట్రైలరు తగిలించి ఇచ్చిన దగ్గర్నుంచి ఈ పద్ధతి లారీల్లోకి పాకింది.

దీని గొప్పదనం పళ్లెం ఉన్న చోటులో ఉంది. అది వెనక ఇరుసుకు సరిగ్గా పైన, లేదా కొద్దిగా ముందు ఉంటుంది. ఇందాకటి లెక్కలో 60 సెంటీమీటర్ల చోట సున్నా పెట్టి చూడండి. హుక్కు మీద వాలిన బరువు ముందు చక్రాల నుంచి ఒక్క కిలో కూడా తీయదు. ఇంకో నాలుగు అంగుళాలు ముందుకు జరిపితే ముందు చక్రాలకు బరువు చేరుతుంది కూడా. పళ్లెం నేలకు ఎత్తుగా ఉన్న మాట నిజమే. అయితే ఆ బండ్ల చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముందు ఇరుసు మీద ఇంజను బరువు ఎక్కువ. అందుకే అంత భారం మోసినా ముందు చక్రాలు నేలను వదలవు.

అమెరికాలో ఇదే ఏర్పాటును పికప్ బండి వెనక తొట్టిలో అమర్చుకుంటారు. ఇల్లులాంటి ట్రైలరునో, గుర్రాలను తీసుకెళ్లే ట్రైలరునో లాగడానికి. బంపరుకు తగిలించే మామూలు ట్రైలరు తన బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద వేస్తుంది. ఫిఫ్త్ వీల్ ట్రైలరు 15 నుంచి 25 శాతం దాకా వేస్తుంది. అయినా నిలకడ దీనికే ఎక్కువ, ఆ బరువు ఇరుసు మీదే పడుతుంది కాబట్టి. చాలామంది దాన్ని ఇంటి దగ్గర తామే బిగించుకుంటారు. ఆ పని తీరు మన రైతులు తెలుసుకోదగ్గది.

ముందు బండి కిందికి దూరి బ్రేకు పైపులు, డీజిల్ ట్యాంకు, వైర్లు ఎక్కడున్నాయో చూసి గుర్తు పెట్టుకుంటారు. ఆ తర్వాతే డ్రిల్లింగు యంత్రం ముట్టుకుంటారు. వెనక ఇరుసు మధ్య గీత తొట్టి మీద గీసుకుని, దానికి కొద్దిగా ముందుగా పళ్లెం వచ్చేలా రెండు ఇనుప పట్టీలను అడ్డంగా పరుస్తారు. తొట్టి రేకు ఊరికే కప్పు లాంటిది, దానికి బరువు మోసే శక్తి లేదు. అందుకే పట్టీల బోల్టులు రేకును దాటుకుని కిందికి దిగి, చాసిస్‌కు బిగించిన బ్రాకెట్లను పట్టుకోవాలి. ముడతలు తేలిన రేకు బోల్టు బిగింపుకు నలిగిపోకుండా ప్రతి బోల్టు దగ్గరా రేకు కింద దిమ్మ పెడతారు. ఇది వదిలేస్తే ఆ రోజు బిగువుగానే ఉంటుంది, నెలకల్లా రేకు అణిగి బోల్టు వదులవుతుంది. చాసిస్‌కు కంపెనీ వేసిన రంధ్రాలనే వాడతారు. దాని పై అంచుకూ కింది అంచుకూ రంధ్రం వేయరు, వెల్డింగు పెట్టరు. ఏ బోల్టు ఎంత బిగించాలో కాగితం మీద అంకె ఉంటుంది, టార్క్ పానాతో అంతే బిగిస్తారు. మొదటిసారి ట్రైలరు లాగాక మళ్లీ అదే పానా పట్టుకుని కిందికి దూరుతారు.

పొట్టి తొట్టి ఉన్న బండ్లకు ఇంకో చిక్కు వస్తుంది. మలుపులో ట్రైలరు మూల వచ్చి డ్రైవరు క్యాబిన్ వెనక అద్దాన్ని కొడుతుంది. మనకూ ఇదే సమస్య వేరే రూపంలో ఉంది. గట్టు మీద గిర్రున తిప్పేటప్పుడు ట్రక్కు ముందు మూల ట్రాక్టరు వెనక టైరును ఒరుసుకుంటుంది. వాళ్లు పళ్లెం వెనక్కి జరిగే జారుడు పట్టీ పెట్టుకుంటారు. మనవాళ్లు ట్రక్కు ముందు ఫ్రేముకు రెండు అడుగుల ముక్క అతికిస్తారు. అతికించిన చోటే రేపు విరగబోయే చోటు. పొడవు కావాలంటే ఫ్రేము మొత్తం ఒకే ఛానలుతో మళ్లీ చేయించుకోవాలి.

ఇక్కడ బిగించుకునే పని

మన దగ్గర పికప్ బండికి ఫిఫ్త్ వీల్ బిగించే వాడుక లేదు. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నా, డెల్టాలో బరువు లాగే పని ట్రాక్టరుదే. ట్రాక్టరు వెనక భాగంలో మూడు రకాల పట్లు ఉంటాయి. లిఫ్టు చేతులు, టాప్ లింకు కలిసిన మూడు కొసల పట్టు ఒకటి. బ్రిటన్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన ఈ పద్ధతి 1939లో వచ్చిన ఫోర్డ్-ఫెర్గూసన్ ట్రాక్టరుతో లోకమంతా వ్యాపించింది. అది పనిముట్లకు, అంటే గొర్రుకు, రోటవేటరుకు. లాగుడుకు కింద ఉండే డ్రాబారు రెండోది. ట్రక్కు బరువు కూడా మోసేలా వెనక హౌసింగుకు బోల్టులతో బిగించే హుక్కు బ్రాకెట్టు మూడోది. ట్రక్కు తగలాల్సింది ఈ మూడోదానికి. లిఫ్టు చేతుల మధ్య అడ్డకడ్డీ పెట్టి దానికి ట్రక్కు తగిలించడం తప్పు. హైడ్రాలిక్ ప్రెషర్ దిగినా, పొరపాటున లివరు తగిలినా ఎత్తు మారిపోతుంది.

బ్రాకెట్టు ఆ మోడల్ ట్రాక్టరు కోసం కంపెనీ చేసిందే కొనాలి. మహీంద్రాది మాసీకి సరిపోదు, ఒకే కంపెనీలో రెండు మోడళ్లకూ రంధ్రాలు కలవకపోవచ్చు. కలవని రంధ్రాన్ని గ్యాసుతో కాల్చి పెద్దది చేసి ఇచ్చే షెడ్లు ఉన్నాయి. అలా కాల్చిన రంధ్రం అంచు గుండ్రంగా ఉండదు, బోల్టు దానిలో అటూ ఇటూ ఆడుతుంది, ఆడే బోల్టు తెగుతుంది. రంధ్రం కలవకపోతే బ్రాకెట్టు వెనక్కి ఇచ్చేయడమే మంచిది.

బిగించే ముందు నేల గట్టిగా, చదునుగా ఉన్నచోట ట్రాక్టరు నిలిపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టాలి. హౌసింగు మీద ఏళ్లుగా పేరుకున్న బురద, నూనె జిడ్డు డీజిల్‌తో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. బ్రాకెట్టు ఆనే చోట రెండు వైపులా రంగు గీకేయాలి. మందంగా పూసిన రంగు మీద బ్రాకెట్టు బిగిస్తే, బరువు పడ్డాక రంగు నలిగి పొడి అవుతుంది, అంత మేరా బిగువు పోతుంది. ఇనుము ఇనుమును తాకాలి.

ఆ తర్వాత బోల్టు రంధ్రాలు. హౌసింగు పోత ఇనుము, మరలు దానిలోనే కోసి ఉంటాయి. రంధ్రం అడుగున బురదో, పాత గ్రీజో ఉంటే బోల్టు దానికి తగిలి ఆగిపోతుంది. పానాకు మాత్రం బాగా బిగిసినట్టే అనిపిస్తుంది, బ్రాకెట్టు కింద వెంట్రుకవాసి ఖాళీ ఉండిపోతుంది. బోల్టును ముందు చేత్తోనే చివరిదాకా తిప్పి, ఎన్ని మరలు లోపలికి పోతున్నాయో లెక్కపెట్టుకోవాలి. పోత ఇనుములో బోల్టు దాని మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపల ఉండాలి. 16 మిల్లీమీటర్ల బోల్టయితే 24 మిల్లీమీటర్లు. అంతకంటే పొట్టి బోల్టు వేస్తే తెగేది బోల్టు కాదు, హౌసింగు మరలు ఊడి వస్తాయి. ఆ రిపేరుకు ఖర్చు ఎక్కువ.

బోల్టు తల మీద అంకెలు చూడాలి. 8.8 అని ఉంటే మొదటి అంకెను 100తో హెచ్చవేయండి. చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దాకా తెగదని అర్థం. చుక్క తర్వాత అంకె, అందులో 80 శాతం దాకా, అంటే 640 దాకా, శాశ్వతంగా సాగిపోదని చెబుతుంది. 10.9 ఇంకా గట్టిది. కంపెనీ ఏది చెబితే అదే వేయాలి. తల మీద ఏ అంకె లేని బోల్టు గేటు తలుపుకు పనికొస్తుంది, ట్రక్కు హుక్కుకు పనికిరాదు. రంగు, మెరుపు చూసి బోల్టు గట్టిదనుకోవద్దు.

అన్ని బోల్టులూ ముందు చేత్తో, తర్వాత పానాతో కాస్త బిగించి, ఆపైన ఎదురెదురు మూలలు మార్చుకుంటూ పూర్తిగా బిగించాలి. ఒకే వైపు బిగించుకుంటూ పోతే బ్రాకెట్టు ఒరిగి కూర్చుంటుంది. ఎంత బిగించాలన్న అంకె ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, లేకపోతే డీలరు సర్వీసు మెకానిక్ దగ్గర దొరుకుతుంది. టార్క్ పానా ఇంట్లో ఉండకపోవచ్చు, సర్వీసు సెంటర్లో ఉంటుంది. పానాకు పైపు తొడిగి ఇద్దరు వేలాడితే బిగువు ఎక్కువై బోల్టు సాగిపోతుంది. సాగిన బోల్టు సగం తెగిన బోల్టే. బిగించాక బోల్టు తల మీద నుంచి బ్రాకెట్టు మీదికి రంగుతో ఒక గీత గీయాలి. గీత పక్కకు జరిగిందంటే బోల్టు తిరిగిందని ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. మొదటి రెండు మూడు లోడ్ల తర్వాత మళ్లీ బిగింపు చూసుకోవాలి.

ఇంతవరకు రైతు చేసుకోగలిగింది. హౌసింగుకు వెల్డింగు మాత్రం ఎవరు చెప్పినా పెట్టించకూడదు. పోత ఇనుము వెల్డింగు వేడికి పగులుతుంది, పగులు రంగు కింద దాక్కుంటుంది. కరెంటు బేరింగుల గుండా పారితే వాటికీ దెబ్బే. ట్రక్కు ముందు ఫ్రేముకు వెల్డింగు తప్పదనుకుంటే ట్రాక్టరు నుంచి విడదీసి, చేయి తిరిగిన వెల్డరుతో చేయించాలి. పూత లాంటి టాకాలు కాకుండా లోపలిదాకా పట్టిన వెల్డింగు కావాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని నంబరు ట్రక్కు పక్కన రాసి ఉండాలి. అదే చట్టంలోని 52వ సెక్షను, కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. ఇన్సూరెన్సు కాగితంలో ట్రక్కు నంబరు కూడా ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ప్రమాదం జరిగిన రోజు నష్టపరిహారం దగ్గర గొడవ మొదలవుతుంది.

పిన్ను, గొలుసు, బ్రేకు

హుక్కు ఎంత బాగా బిగించినా చివరికి ఆధారం ఒక పిన్ను. అసలు పిన్ను ఎక్కడో పడిపోతే దాని చోట ఇంటి స్లాబుకు తెచ్చిన చువ్వ ముక్క, పాత బోల్టు, జాకీ కడ్డీ పెట్టి నడిపే ట్రాక్టర్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. రంధ్రం కంటే సన్నని కడ్డీ ప్రతి గుంతకూ ఎగిరి దెబ్బ కొడుతుంది. నిదానంగా లాగితే తట్టుకునే కడ్డీ ఆ దెబ్బలకు తెగుతుంది. పిన్ను రంధ్రానికి సరిపడా ఉండాలి, పైన తల ఉండాలి, కింద లించ్ పిన్ను ఉండాలి. కింద లించ్ పిన్ను లేకపోతే గుంతల రోడ్డు మీద పిన్ను మెల్లగా పైకి లేచి ఒక చోట బయటికి వచ్చేస్తుంది.

ట్రక్కు రింగును వేలితో లోపల తడిమి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన కన్ను కోలగా అయిందంటే, లోపలి అంచు ఒక వైపు సన్నబడిందంటే అది మార్చాల్సిన రింగు. అరిగిన చోట వెల్డింగు నింపి పని గడపడం చాలా చోట్ల ఉంది, అది తాత్కాలికానికి కూడా మంచిది కాదు. పిన్నుకు, రింగుకు గ్రీజు పెట్టండి, అరుగుదల తగ్గుతుంది.

పిన్ను పోయినా ట్రక్కు విడిపోకుండా పట్టుకునేది గొలుసు. రెండు గొలుసులు రింగు కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వెళ్లేలా కడితే, ఊడిన ట్రక్కు ముక్కు నేలకు గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉంటే చాలు, నేలకు ఈడ్చుకోకూడదు. జాకీ ట్రక్కయితే హైడ్రాలిక్ గొట్టానికీ అంతే వదులు ఉండాలి.

లోడు వేసేటప్పుడు ఇరుసుకు ముందు కొంచెం ఎక్కువ, వెనక కొంచెం తక్కువ. ట్రక్కు వెనక బరువెక్కితే రింగు హుక్కును పైకి ఎత్తుతుంది. అప్పుడు ట్రాక్టరు వెనక చక్రాలకు నేల మీద పట్టు తగ్గి, ఇసుకలో జారిపోతాయి. రోడ్డు మీద ట్రక్కు పాములా ఊగుతుంది. ధాన్యానికి బస్తాలు లెక్కపెట్టవచ్చు, ఇసుకకు అలా కాదు. తడి ఇసుక అదే ఎత్తుకు చాలా బరువు ఎక్కువ ఉంటుంది. పొడి ఇసుక నింపిన అంచుదాకా తడి ఇసుక నింపకూడదు.

మన ట్రాక్టరు ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ఐదారు టన్నులను ఆపాల్సింది రెండు టన్నుల ట్రాక్టరు వెనక చక్రాలే. గట్టు దిగేటప్పుడు ట్రక్కు వెనక నుంచి తోస్తుంది. ట్రాక్టరు కొంచెం పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఆ తోపుడు వస్తే రెండూ మడత కత్తిలా ముడుచుకుంటాయి. కాబట్టి దిగుడు మొదలయ్యే ముందే చిన్న గేరు వేయాలి, మధ్యలో క్లచ్చి తొక్కకూడదు, న్యూట్రల్ అసలు పనికిరాదు. ఇంకొక ముఖ్యమైన సంగతి. ట్రాక్టరుకు ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి, రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. చేలో మళ్లడానికి విడివిడిగా తొక్కడం కోసం వాటిని విడదీస్తారు. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే కొక్కెం వేయడం మరిచిపోతే, గట్టు మీద గట్టిగా బ్రేకు తొక్కిన క్షణాన ఒకే చక్రం ఆగి బండి కాలవలోకి తిరుగుతుంది. డెల్టాలో చాలా రోడ్లకు ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లపు చేను. తప్పు దిద్దుకోవడానికి చోటు ఉండదు.

కాటన్ దొర హయాంలో 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తెచ్చిన కాలవలే ఈ ప్రాంతానికి అన్నం పెట్టాయి. ఆ కాలవల గట్లే మన రోడ్లయ్యాయి. ఆ గట్లు వేసిన రోజుల్లో ఆరు టన్నుల ట్రక్కు ఎవరి ఊహలోనూ లేదు. గట్టు వెడల్పు మన చేతిలో లేదు, హుక్కు మన చేతిలో ఉంది.

చివరగా ఒక మనవి. నాట్లకు, కోతలకు, పెళ్లిళ్లకు, తీర్థాలకు ట్రక్కులో మనుషులను ఎక్కించుకుని పోవడం మన దగ్గర మామూలైపోయింది. కొందరు ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య ఆ ఫ్రేము మీదే కూర్చుంటారు. చట్టం ట్రక్కును సరుకు బండిగానే చూస్తుంది. పిన్ను తెగినా, మూతి లేచినా ముందు నలిగేది ఆ మధ్యలో కూర్చున్న మనిషే. ఈ సార్వా కోతలకు ట్రక్కు తగిలించే ముందు పది నిమిషాలు వంగి హుక్కు చూడండి, బోల్టు మీద రంగు గీత చూడండి, పిన్ను బయటికి లాగి అరుగుదల చూడండి. కూలీలను ఆటోలో పంపండి.